థియాగో సిల్వా: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రెజిల్ ఫుట్‌బాల్ అనగానే మనవాళ్ల నోట వచ్చేవి గోల్స్ కొట్టేవాళ్ల పేర్లే. పెలే, రొమారియో, రొనాల్డో, రొనాల్డిన్యో, నెయ్‌మార్. డిఫెండర్ పేరు ఒకటి చెప్పమంటే కాఫూ, రాబర్టో కార్లోస్ అంటారు. వాళ్లను కూడా గుర్తు పెట్టుకున్నది వెనక కాపలా కాసినందుకు కాదు, ముందుకు పరిగెత్తినందుకు! థియాగో సిల్వా అలాంటివాడు కాదు. వెనకే ఉంటాడు. అతను బాగా ఆడిన రోజు మైదానంలో మన కంటికి ఏమీ కనపడదు. అందుకేనేమో అతని గురించి మాట్లాడుకుంటే ఎప్పుడూ అవే ప్రశ్నలు వస్తుంటాయి. నాకు తెలిసిన జవాబులు రాస్తున్నాను.

అసలు ఎవరితను? రెండు ముక్కల్లో చెప్పండి.

1984 సెప్టెంబర్ 22న రియో డి జనీరోలో పుట్టాడు. పూర్తి పేరు థియాగో ఎమిలియానో డ సిల్వా. ఆడే స్థానం సెంటర్ బ్యాక్, అంటే గోల్ కీపర్‌కు ముందు మధ్యలో నిలబడే డిఫెండర్. యూరప్‌లో ఏసీ మిలన్, పారిస్ సెయింట్ జర్మన్ (పీఎస్‌జీ), చెల్సీ క్లబ్బులకు ఆడాడు. బ్రెజిల్ తరఫున 113 మ్యాచ్‌లు ఆడి 7 గోల్స్ చేశాడు. 2010 నుంచి 2022 వరకు నాలుగు ప్రపంచ కప్ జట్లలో ఉన్నాడు.

పేరు ఎలా పలకాలి? థియాగోనా, తియాగోనా?

రియో యాసలో 'తి' అన్న అక్షరం 'చి' అవుతుంది. వాళ్ల నోట వింటే దాదాపు 'చియాగు' అన్నట్టు ఉంటుంది. మన పేపర్లలో థియాగో అనే రాస్తున్నారు కాబట్టి ఇక్కడా అదే రాస్తాను. బ్రెజిల్ అభిమానులు పెట్టిన ముద్దుపేరు 'ఓ మోన్‌స్త్రో', అంటే రాక్షసుడు. మనిషిని చూస్తే ఆ పేరు అస్సలు నప్పదు.

డిఫెండర్ అంటే వచ్చిన బంతిని బలంగా తన్నేసేవాడేగా? ఇతనిలో ప్రత్యేకత ఏముంది?

ఈసారి అతని మ్యాచ్ వస్తే ఓ పది నిమిషాలు బంతిని వదిలేసి అతన్నే చూడండి. బంతి అవతలి హాఫ్‌లో ఉన్నా మెడ తిప్పుతూనే ఉంటాడు. కుడివైపు ఒక చూపు, వెనక్కి ఒక చూపు, లైన్‌లో ఉన్న తోటి డిఫెండర్‌కు చేత్తో సైగ. బంతి తనవైపు వచ్చేసరికి రెండడుగులు ముందే కదిలి ఉంటాడు. అందుకే నేల మీద జారి బంతిని లాక్కునే స్లైడింగ్ ట్యాకిల్ అతనికి తక్కువగానే అవసరమవుతుంది. చప్పట్లేమో జారినవాడికి పడతాయి. జారే పని లేకుండా చేసుకున్నవాడిని ఎవరూ గమనించరు.

ఇంకొకటి, ఎత్తు. ఆరడుగుల మనిషి. యూరప్ సెంటర్ బ్యాక్‌ల మధ్య అది పెద్ద ఎత్తేమీ కాదు. అయినా కార్నర్ వచ్చినప్పుడు తలతో గెలిచేది ఎక్కువగా ఇతనే. ఎప్పుడు ఎగరాలో తెలియడం వల్ల.

పాస్ కూడా ఉంది. 2022 ప్రపంచ కప్‌లో దక్షిణ కొరియా మీద బ్రెజిల్ కొట్టిన మూడో గోల్ దొరికితే చూడండి. రిచార్లిసన్ బంతిని తల మీద ఆడించి మార్కిన్యోస్‌కు ఇస్తాడు. అక్కడి నుంచి అది సిల్వా దగ్గరికి వస్తుంది. అతను ఒక్క టచ్‌తో డిఫెన్స్ మధ్యలోంచి రిచార్లిసన్ ముందుకే తోసేస్తాడు. ఆ పాస్ ఇచ్చింది 38 ఏళ్ల సెంటర్ బ్యాక్ అంటే, అప్పుడే టీవీ పెట్టినవాళ్లు ఎవరూ నమ్మరు.

చిన్నప్పటి నుంచే స్టారా?

కానే కాదు. రియోలోని ఫ్లుమినెన్సె క్లబ్బు షెరెం శిక్షణ కేంద్రంలో మొదలుపెట్టాడు, అక్కడ నిలవలేకపోయాడు. నగరంలో ఇంకొన్ని క్లబ్బుల ట్రయల్స్‌కు వెళ్లినా పని కాలేదు. చివరికి దేశానికి దక్షిణాన ఉన్న రియో గ్రాండి దో సుల్ రాష్ట్రంలో ఆర్‌ఎస్ ఫుట్‌బాల్ అనే చిన్న క్లబ్బులో చోటు దొరికింది. అక్కడి నుంచి జువెంతుజి. ఆ క్లబ్బు తరఫున 2004లో బ్రెజిల్ మొదటి డివిజన్‌లో బాగా ఆడాడు. మిడ్‌ఫీల్డ్‌లో ఆడే కుర్రాడు డిఫెన్స్‌లోకి వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. మిడ్‌ఫీల్డ్‌లో అలవాటైన పాస్ కాబట్టే పైన చెప్పిన ఒక్క టచ్ అతనికి అంత తేలిక అని నా అనుమానం.

అదే ఏడాది పోర్చుగల్‌లోని పోర్తో అతన్ని తీసుకుంది. కోచ్ మౌరిన్యో చేతిలో, యూరప్ క్లబ్బులకు అన్నింటికన్నా పెద్ద కప్పైన ఛాంపియన్స్ లీగ్ అదే ఏడాది గెలిచింది, అలాంటి క్లబ్బు. ఇక జాతకం మారినట్టే అనుకుంటాం. సిల్వాను పోర్తో బి టీమ్‌లో పెట్టారు. సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2005 మొదట్లో రష్యాలోని డైనమో మాస్కోకు పంపించారు.

అతనికి టీబీ వచ్చిందన్నది నిజమేనా?

నిజం. మాస్కోలో బయటపడింది. జబ్బు అప్పటికే కొన్ని నెలలుగా ఒంట్లో ఉందని తర్వాత తేలింది. ఇరవై ఏళ్ల కుర్రాడు, భాష రాని దేశం, మంచు, ఆస్పత్రి గది. దాదాపు ఆరు నెలలు అక్కడే గడిపాడు. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే ప్రాణాలకే ముప్పని డాక్టర్లు చెప్పారు. ఊపిరితిత్తుల్లో కొంత భాగం తీసేయాలన్న మాట కూడా వచ్చింది. డైనమోకు ఒక్క అధికారిక మ్యాచ్ కూడా ఆడకుండానే రష్యా నుంచి వెళ్లిపోయాడు. ఆట మానేద్దామనుకుంటే అమ్మ ఒప్పుకోలేదని ఆ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు.

టీబీ సంగతి మనకు విడమరచి చెప్పక్కర్లేదు. ప్రపంచంలో ఎక్కువ కేసులు మన దేశంలోనే. ఇంట్లో ఒకరికి వస్తే కంచం, గ్లాసు వేరు పెట్టిన రోజులు చాలామందికి గుర్తుంటాయి. ఆరు నెలలు రోజూ మందు మింగాలి, మధ్యలో ఆపితే మొదటికి వస్తుంది. ఆ జబ్బు సోకిన ఊపిరితిత్తులతో ఒక మనిషి ఆ తర్వాత ఇరవై ఏళ్లు పై స్థాయి ఫుట్‌బాల్ ఆడాడు. అతని కప్పులన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

జువెంతుజిలోనూ డైనమోలోనూ అతనికి కోచ్‌గా ఉన్న ఇవో వోర్ట్‌మన్ 2006లో ఫ్లుమినెన్సెకు వచ్చాడు, సిల్వానూ తెచ్చుకున్నాడు. చిన్నప్పుడు వద్దన్న క్లబ్బే మళ్లీ తలుపు తీసింది. 2007లో అక్కడే బ్రెజిల్ దేశవాళీ కప్పు కోపా దో బ్రెజిల్ గెలిచాడు. 2008లో జట్టు దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పు లిబర్తదోరెస్ ఫైనల్ దాకా వెళ్లింది, రియోలోని మరకానా మైదానంలో ఈక్వెడార్ క్లబ్బు ఎల్‌డీయూ కీటో చేతిలో పెనాల్టీల్లో ఓడింది.

మిలన్‌కు వెళ్లాక ఆరు నెలలు ఆడలేదట, గాయమా?

గాయం లేదు, కోటా లేదు. 2008 డిసెంబర్‌లో సుమారు 10 మిలియన్ యూరోలకు మిలన్ కొన్నది. ఇటలీలో ఒక సీజన్‌లో యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి ఇంతమందినే కొత్తగా నమోదు చేసుకోవాలని లెక్క ఉంటుంది. మిలన్ లెక్క అప్పటికే నిండిపోయింది. కాబట్టి 2009 వేసవి దాకా ప్రాక్టీసు, ఫ్రెండ్లీ మ్యాచ్‌లు, అంతే. ప్రాక్టీసు చేసిందేమో ఇటలీ దిగ్గజ డిఫెండర్లు అలెస్సాండ్రో నెస్టా, పావొలో మాల్దినిల పక్కన. ఏ అకాడమీ ఫీజు కట్టినా దొరకని ట్యూషన్ అది.

తర్వాత నెస్టాకు జోడీగా స్థిరపడ్డాడు. 2010-11లో మిలన్ లీగ్ గెలిచింది. ఆ తర్వాత మిలన్ మళ్లీ లీగ్ గెలవడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది.

మరి మిలన్ ఎందుకు అమ్మేసింది?

డబ్బు కోసం. 2012 వేసవిలో ఖతర్ డబ్బుతో నడుస్తున్న పీఎస్‌జీ అతనికి 42 మిలియన్ యూరోలు ఇచ్చిందని అప్పటి వార్తలు. డిఫెండర్‌కు అది కళ్లు తిరిగే ధర. కొద్ది రోజుల తేడాతో స్ట్రైకర్ ఇబ్రహిమోవిచ్‌నూ మిలన్ నుంచే పట్టుకెళ్లారు.

ఈ కథలో ఒక మనిషి మూడుసార్లు కనిపిస్తాడు: లియొనార్దో. 1994 ప్రపంచ కప్ గెలిచిన బ్రెజిల్ జట్టు సభ్యుడు. సిల్వా మిలన్‌కు వచ్చినప్పుడు అక్కడ టెక్నికల్ డైరెక్టర్. పారిస్ కొన్నప్పుడు పారిస్ స్పోర్టింగ్ డైరెక్టర్. 2020లో 'నీ కాంట్రాక్టు పొడిగించడం లేదు' అన్నప్పుడు కూడా పారిస్‌లో అదే కుర్చీలో ఉన్నది అతనే.

బ్రెజిల్ కుర్రాళ్లు యూరప్‌కు ఎలా వెళ్తారు? ఆ డబ్బంతా ఎవరికి పోతుంది?

ఫిఫా నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండకుండా ఆటగాడిని ఇంకో దేశపు క్లబ్బుకు మార్చకూడదు, కొన్ని మినహాయింపులు తప్ప. అందుకే పదహారు, పదిహేడేళ్లకే బేరం కుదిరినా కుర్రాడు పద్దెనిమిదో పుట్టినరోజు దాకా బ్రెజిల్‌లోనే ఆడుతుంటాడు.

కొనుగోలు సొమ్ములో ఎక్కువ భాగం అమ్మిన క్లబ్బుకే. కానీ అందులో 5 శాతం, ఆటగాడికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులన్నీ పంచుకోవాలని ఒక నియమం ఉంది. సాలిడారిటీ అంటారు. 42 మిలియన్లలో 5 శాతం అంటే 21 లక్షల యూరోలు. పెద్ద క్లబ్బులకు అది చిల్లర. ఊరి చివర మట్టి మైదానం ఉన్న క్లబ్బుకు మాత్రం అందులో ఏ కొంచెం వచ్చినా బూట్లు, బస్సు, వంటమనిషి జీతం. బ్రెజిల్‌లో చిన్న క్లబ్బులు పిల్లల్ని అంత ఓపికగా పెంచడానికి ఆటమీద ప్రేమ ఒక కారణమైతే, ఈ లెక్క ఇంకోటి.

2014లో జర్మనీ 7-1తో ఓడించినప్పుడు కెప్టెన్ ఇతనేనా?

ఆ ప్రపంచ కప్‌కు కెప్టెన్ ఇతనే. ఆ మ్యాచ్‌లో మాత్రం లేడు. ఎందుకు లేడో తెలిస్తే ఇంకా బాధేస్తుంది.

క్వార్టర్ ఫైనల్, ఫోర్తలెజా, ప్రత్యర్థి కొలంబియా. ఏడో నిమిషంలో నెయ్‌మార్ కార్నర్‌కు దూర పోస్టు దగ్గర సిల్వాయే గోల్ కొట్టాడు. 64వ నిమిషంలో కొలంబియా గోల్ కీపర్ ఒస్పినా బంతిని గాల్లోకి వదిలి తన్నబోతుంటే ఎదురెళ్లి అడ్డం పడ్డాడు. ఏ ప్రమాదమూ లేని చోట, ఏ లాభమూ లేని పని. ఎల్లో కార్డు. అంతకుముందే టోర్నీలో ఒకటి ఉంది కాబట్టి సెమీఫైనల్‌కు నిషేధం. బ్రెజిల్ సంఘం అప్పీలు చేస్తే ఫిఫా కొట్టేసింది. అదే మ్యాచ్‌లో నెయ్‌మార్ వెన్నెముకకు దెబ్బ తగిలింది.

జూలై 8న బెలో హొరిజోంచిలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. మనకది అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకు మొదలైన మ్యాచ్. నీళ్లు తాగడానికి వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి స్కోరు మారిపోయి ఉంది, రీప్లే అనుకుని కూర్చుంటే అది ఇంకో గోల్. అరగంట లోపలే ఐదు. సిల్వా స్థానంలో దాంతె ఆడాడు. కెప్టెన్ పట్టీ దావిద్ లూయిజ్ చేతికి వెళ్లింది. కాపాడాల్సిన నాలుగైదు బంతుల దగ్గర ఎవరి స్థానంలోనూ ఎవరూ లేరు.

సిల్వా ఉంటే గెలిచేవాళ్లా? చెప్పలేం. ఏడు మాత్రం పడేవి కావని నా నమ్మకం. ఇందుకు అడ్డొచ్చే సంగతి ఒకటుంది, దాచకుండా చెప్పాలి: మూడో స్థానం మ్యాచ్‌కు అతను తిరిగొచ్చాడు, మొదటి రెండు నిమిషాల్లోనే నెదర్లాండ్స్ ఆటగాడు రాబెన్‌ను లాగి పెనాల్టీ ఇచ్చాడు. నెదర్లాండ్స్ 3-0తో గెలిచింది.

పెనాల్టీ కొట్టనని ఏడ్చిన కెప్టెన్ అంటారు. అదేంటి?

అదే టోర్నీలో, చిలీతో ప్రీ క్వార్టర్ ఫైనల్. పెనాల్టీ షూటౌట్‌కు ముందు జట్టంతా గుమిగూడితే ఇతను దూరంగా బంతి మీద కూర్చుని ఏడుస్తూ కనిపించాడు. కొట్టేవాళ్ల జాబితాలో తన పేరు గోల్ కీపర్ తర్వాత రాయమని కోచ్ స్కొలారిని అడిగాడు. బ్రెజిల్ గెలిచింది, ఆ బొమ్మ మాత్రం పోలేదు. కెప్టెన్ అన్నవాడు అంత టెన్షన్ బయటపెట్టొచ్చా అని దేశమంతా తిట్టింది. టోర్నీ అయ్యాక కొత్త కోచ్ దుంగా పట్టీని నెయ్‌మార్‌కు ఇచ్చాడు.

నా మాట అడిగితే, ఏడవడం తప్పు కాదు, పేరు వెనక్కి రాయించుకోవడం తప్పు. వణుకు ఎవరికైనా ఉంటుంది. ముందు వరసలో నిలబడాల్సిన రోజు అది.

పీఎస్‌జీలో ఎనిమిదేళ్లు ఉండి ఏం సాధించాడు?

315 మ్యాచ్‌లు, ఏడు లీగ్ టైటిల్స్, ఐదు ఫ్రెంచ్ కప్‌లు, ఆరు లీగ్ కప్‌లు. ఎక్కువ కాలం కెప్టెన్. క్లబ్బు కోరుకున్నది మాత్రం ఛాంపియన్స్ లీగ్, అది రాలేదు.

2017లో బార్సిలోనాతో జరిగింది అతన్ని విమర్శించేవాళ్లకు బాగా పనికొస్తుంది. పారిస్‌లో పీఎస్‌జీ 4-0తో గెలిచిన రోజు సిల్వా గాయంతో లేడు. కుర్రాడు కింపెంబే ఆడాడు. బార్సిలోనాలో 6-1తో మునిగిన రోజు సిల్వా ఉన్నాడు, కెప్టెన్‌గా. జట్టు మొదటి నిమిషం నుంచే వెనక్కి వెనక్కి జరిగి తన గోల్ ముందే గుడారం వేసుకుంది. లైన్‌ను ముందుకు జరపాల్సిన మనిషి అతనే. జర్మనీ మ్యాచ్‌లో లేకపోవడం అతని గొప్పకు సాక్ష్యమైతే, ఇది రెండో వైపు సాక్ష్యం.

ఒక్క మ్యాచ్ చూడమంటే ఏది చూడాలి?

2015 మార్చి 11, ఛాంపియన్స్ లీగ్‌లో రెండు మ్యాచ్‌ల పోరులో రెండోది, లండన్‌లో చెల్సీ, పీఎస్‌జీ. 31వ నిమిషంలోనే ఇబ్రహిమోవిచ్‌కు రెడ్ కార్డు. పదిమందితో ఆడుతూ పీఎస్‌జీ ఎక్స్‌ట్రా టైమ్ దాకా లాగింది. అక్కడ సిల్వా గాల్లోకి ఎగిరి, చెయ్యి పైకి లేచి, బంతి దానికి తగిలింది. పెనాల్టీ. హజార్డ్ గోల్. చెయ్యి ఎందుకు లేచిందో అతనికే తెలియాలి. ఆ తర్వాత ఒక కార్నర్‌కు తలతో కొడితే చెల్సీ గోల్ కీపర్ కుర్తువా ఆపాడు. వెంటనే వచ్చిన ఇంకో కార్నర్‌కు, 114వ నిమిషంలో, వెనక్కి అడుగులేస్తూ మళ్లీ తలతో కొట్టాడు. బంతి కుర్తువా మీదుగా వెళ్లి లోపల పడింది. 2-2. అవతలి మైదానంలో కొట్టిన గోల్స్ లెక్కలో పీఎస్‌జీ ముందుకెళ్లింది. తన తప్పును ఇరవై నిమిషాల్లో తనే దిద్దుకున్న డిఫెండర్‌ను నేను మళ్లీ చూడలేదు.

అదే మైదానం ఐదేళ్ల తర్వాత అతని సొంత మైదానమైంది.

35 ఏళ్ల మనిషిని చెల్సీ ఎందుకు తీసుకుంది?

డబ్బు ఖర్చు లేదు కాబట్టి మొదట. పీఎస్‌జీతో అతని చివరి మ్యాచ్ 2020 ఆగస్టు 23న లిస్బన్‌లో, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. బయర్న్ మ్యూనిక్ 1-0తో గెలిచింది. ఆ వారంలోనే చెల్సీ ఒక్క ఏడాది కాంట్రాక్టుతో తీసుకుంది. మొదటి లీగ్ మ్యాచ్‌లో, వెస్ట్ బ్రామ్ మీద, బంతి కాలి కింద నుంచి జారిపోయి గోల్ పడింది. 'ఈ వయసులో ఇంగ్లండ్ వేగం తట్టుకోలేడు' అని తేల్చేశారు. ఆ ఒక్క ఏడాది నాలుగేళ్లయింది, 155 మ్యాచ్‌లయ్యాయి.

వయసు అడ్డురాకపోవడానికి ఒక కారణం ఆట పద్ధతి. 2021 జనవరిలో కోచ్‌గా వచ్చిన థామస్ టుకెల్‌కు సిల్వా పారిస్ నుంచే బాగా తెలుసు. వెనక ముగ్గురు డిఫెండర్లను పెట్టి మధ్యలో సిల్వాను నిలబెట్టాడు. పక్కల పరుగులు కుర్రాళ్లు చూసుకుంటారు, ఎక్కడ ఖాళీ వస్తుందో ఇతను చూస్తాడు. పరిగెత్తే పని తగ్గి, చదివే పని పెరిగింది.

మరి ఛాంపియన్స్ లీగ్ గెలిచాడా లేదా?

గెలిచాడు, 2021 మే 29న. చెల్సీ 1, మాంచెస్టర్ సిటీ 0. ఫైనల్ జరిగింది పోర్తో నగరంలో, పోర్తో క్లబ్బు మైదానం ద్రగావ్‌లో. పదహారేళ్ల కింద తనకు ఒక్క సీనియర్ మ్యాచ్ కూడా ఇవ్వని క్లబ్బు గడప అది.

గెలుపు గోల్ పడినప్పుడు మైదానంలో లేడు. గజ్జల్లో నొప్పితో 39వ నిమిషంలో బయటికొచ్చేశాడు. చెల్సీ ఆటగాడు హావెర్ట్స్ గోల్ 42వ నిమిషంలో. మిగతా మ్యాచ్ అంతా గీత అవతల నుంచి చూశాడు. జీవితంలో పెద్ద ఓటమిలోనూ లేడు, పెద్ద గెలుపు గోల్ పడిన క్షణంలోనూ లేడు. సినిమాలో రాస్తే అతిగా ఉందంటాం.

ప్రపంచ కప్ లేదు కదా. బ్రెజిల్‌తో ఏమీ గెలవలేదా?

2013 కాన్ఫెడరేషన్స్ కప్ కెప్టెన్‌గా ఎత్తాడు, ఫైనల్లో స్పెయిన్ మీద 3-0. 2019 కోపా అమెరికా గెలిచాడు. ఒలింపిక్స్‌లో 2008లో కాంస్యం, 2012లో రజతం. 2022లో మళ్లీ కెప్టెన్‌గా ప్రపంచ కప్‌కు వెళ్తే క్వార్టర్ ఫైనల్లో క్రొయేషియా పెనాల్టీల్లో ఇంటికి పంపింది.

చెల్సీ తర్వాత ఎక్కడికి వెళ్లాడు?

2024లో ఫ్లుమినెన్సెకు తిరిగెళ్లాడు. అతను చేరేనాటికి జట్టు లీగ్ పట్టికలో అట్టడుగున ఉంది, చివరికి కింది డివిజన్‌కు జారకుండా బయటపడింది. 2025లో అమెరికాలో జరిగిన క్లబ్ ప్రపంచ కప్‌లో అదే జట్టు ఇంటర్ మిలన్‌ను 2-0తో ఓడించింది, సెమీఫైనల్ దాకా వెళ్లింది. నలభై దాటిన సిల్వా కెప్టెన్. సెమీస్‌లో ఎదురైంది చెల్సీ. రెండు గోల్స్ కొట్టి ఓడించింది ఫ్లుమినెన్సె అకాడమీలోనే పెరిగిన జువావ్ పెద్రో. కొట్టాక సంబరం చేసుకోకుండా చేతులు జోడించాడు.

ఆ ఏడాది డిసెంబర్‌లో, 41 ఏళ్ల వయసులో, సిల్వా మళ్లీ యూరప్‌కు వచ్చి కాంట్రాక్టు సంతకం పెట్టాడు. క్లబ్బు పేరు పోర్తో. ఈసారి బి టీమ్‌కు కాదు.